ఎండని ముద్ర

తగలబడుతున్న వంతెన మీద సగం దూరం వచ్చాక కువలయుడి ముక్కుకు కాలిన మాంసం వాసన తగిలింది. ఎవరిదా అని అటూ ఇటూ చూశాడు. తనదే.

అతని రెండు అరచేతులూ మండుతున్న మోకును పట్టుకుని ఉన్నాయి. చర్మం నల్లబడి ముడుచుకుపోతోంది. నొప్పి మాత్రం లేదు. నాలుగేళ్ళ కిందట సొంత నగరం కందరాపురిని వదిలి పారిపోయేనాటికే యువరాజుకు మోచేతుల దాకా, మోకాళ్ళ దాకా తిమ్మిరి ఎక్కింది. ఇప్పుడది భుజాలు దాటింది. చేతులు కాలుతున్నాయని కంటితో చూసి తెలుసుకుని, సరేననుకుని ముందుకు సాగాడు.

కింద నాగలోయ. అడుగున ఏరు ఉందంటారు గానీ పైనుంచి పొగమంచు తప్ప ఏమీ కనిపించదు. తలమీద మాంత్రికుడు ధూమ్రకర్ణుడు పంపిన నిప్పుగద్ద చుట్టూ తిరుగుతోంది. దాని రెక్కలు కొలిమిలోని బొగ్గుల్లా ఎర్రగా ఉన్నాయి. అది ఒక్కసారి రెక్క విదిలిస్తే నాలుగు బల్లలు అంటుకుంటున్నాయి.

వెనక ఒడ్డున బొల్లక్క గొంతు చించుకుంటోంది. ఆరు కంచరగాడిదల మీద తోలుసిద్దెల నిండా నిప్పునూనె వేసుకుని తామ్రగిరి నుంచి అతనితోపాటు బయలుదేరిన వర్తకురాలు ఆమె. "అబ్బీ! కొమ్ము బద్రం! నీ సేతులు పోతే పోనీ, నడుముకు కట్టిన కొమ్ము బద్రం రా సామీ!"

గద్ద ముక్కుతో మోకును పట్టి తెంపింది. వంతెన నడుము విరిగి రెండు ముక్కలై లోయలోకి జారింది. కువలయుడు గాలిలో ఉన్నాడు. ఇంకొకడైతే ఆ క్షణాన ఇలవేల్పును తలుచుకునేవాడు. ఇతనికి భయం కూడా తిమ్మిరెక్కి ఉంది కనక చెయ్యి చాచి చేతికందినదాన్ని పట్టుకున్నాడు. చేతికందింది గద్ద కాళ్ళు.

నిప్పుగద్ద కాళ్ళు పట్టుకున్న మనిషి అంతకు ముందెవడూ లేడు కాబోలు, గద్దకు మతిపోయింది. గిలగిల కొట్టుకుంటూ, అతన్ని వేలాడదీసుకునే ఎదుటి కొండ వైపు ఎగిరింది. విదిలించింది, పొడిచింది, మంటలు కక్కింది. అతను వదల్లేదు. కొండ కొమ్ము మీదనుంచి జలపాతం దూకుతోంది. కువలయుడు ఒళ్ళంతా ఊపి, గద్దను ఆ నీటి తెరలోకి ఈడ్చాడు. చుయ్యిమని పెద్ద ఆవిరి లేచింది. మరుక్షణం అతని చేతుల్లో రెండు బొగ్గుముక్కలు మిగిలాయి. అతను రాళ్ళ మీద పడి, రెండు పల్టీలు కొట్టి, ఒక పొద దగ్గర ఆగాడు.

మొదట కొమ్మును చూసుకున్నాడు. మేకకొమ్ము అడుగు నుంచి నిలువునా బీట వారింది. నూనె కారిపోయింది. వెలుగుకు ఎత్తి చూస్తే కొమ్ము మొనలో రెండు చుక్కలు నిలిచి ఉన్నాయి, ఎర్రగా, చిక్కగా.

రెండే చుక్కలు. ఏడుపు రావలసిన చోట రాలేదు.

లోయ అవతలినుంచి బొల్లక్క రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచింది. "నేను రేవు సుట్టుకోని వస్తా! పొద్దుగూకేలోపల వాకిటికాడికి వస్తా! నువ్వు వాకిలి తెరిపించి పెట్టు!"

గాడిదల మెడగంటలు గణగణమంటూ దూరమయ్యాయి. కువలయుడు వేలికున్న కెంపు ఉంగరం చూసుకున్నాడు. అది అతని అక్క, కందరాపురి రాణి ఏలావతి ఇచ్చింది. ఆమెలో స్పర్శ ఎంత మిగిలితే ఆ కెంపులో ఎరుపు అంత మిగులుతుంది. మిగతాదంతా నీలమవుతుంది. పూర్తిగా నీలమైన నాడు తిమ్మిరి ఆమె గుండెకు చేరుతుంది, ఆమె రాయైపోతుంది. ఇప్పుడు ఎరుపు గురివిందగింజంత ఉంది. ఈ సాయంత్రం దాటదని అతనికి అర్థమైంది.

కొండ ఎక్కడం మొదలుపెట్టాడు.

*

అతను ఎక్కుతుండగా ఆ నగరపు వాకిలి మీది మట్టిముద్ర సంగతి చెప్పేస్తాను. అది తెలియకపోతే ఈ కథలో వాకిలి ఎందుకు మూసుకుందో తెలియదు.

తాతల కాలంలో అయిదు రాజ్యాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుని అలిసిపోయాయి. అప్పుడు అయిదుగురు రాజులూ కూర్చుని ఒక మాట అనుకున్నారు. ఒక వాకిట చెల్లిన సరుకు, ఒక వాకిట చెల్లిన విద్య, మిగతా నాలుగు వాకిళ్ళలోనూ చెల్లాలి. తామ్రగిరిలో వైద్యుడైనవాడు కందరాపురిలోనూ వైద్యుడే. సముద్రం పక్కన తూచిన ఉప్పును కొండమీద మళ్ళీ తూచనక్కర్లేదు. ఇంత మంచి మాట అనుకున్నాక రాజులకు దడ పుట్టింది. రేపు ఎవడో విషం పట్టుకొచ్చి, పక్క రాజ్యంలో చెల్లింది కదా అంటే? అందుకని ఒక మినహాయింపు పెట్టుకున్నారు. ఏ రాజుకైనా ఏ సరుకు మీదైనా అనుమానం వస్తే దాన్ని కొద్దికాలం తన వాకిట ఆపవచ్చు.

ఆ కొద్దికాలానికి కొలత పచ్చిమట్టి. గుప్పెడు మట్టిముద్ద మీద ఏలిక బొటనవేలు అద్ది, దాన్ని వాకిలి పైకమ్మికి కొడతారు. ఆ మట్టి పచ్చిగా ఉన్నన్నాళ్ళే మినహాయింపు. ఈలోగా అయిదు రాజ్యాల పెద్దలూ కూడి ఆ సరుకు మంచిదో చెడ్డదో తేల్చాలి. తేల్చినా తేల్చకపోయినా మట్టి ఎండితే వాకిలి తెరవాలి. ఏలిక వేలు వెనక్కి తీసుకుంటే ముద్ర పడదు, బలవంతాన అద్దితే మట్టి రెండుగా చీలుతుంది. ఎండిందో లేదో చెప్పేవాడు ఆ వాకిటి కావలివాడొక్కడే. అదీ కంటితో చూసి కాదు, బొటనవేలితో తాకి. తడి మెరుపు చూసి కళ్ళు మోసపోతాయని రాజులు అలా పెట్టారు. గడప పక్కన ఒక రాతి శరభాన్ని కూర్చోబెట్టారు. సింహం ఒళ్ళు, గద్ద ముక్కు, గద్ద రెక్కలు, ఎనిమిది కాళ్ళు. రోజూ ఉదయం కావలివాడు "పచ్చి" అంటే అది వింటుంది. ఆ రోజు ఆపిన సరుకు గడప దాటితే లేచి చీల్చేస్తుంది. "ఎండింది" అంటే రాయిలా పడి ఉంటుంది.

పాపం, మంచి రాజులు. అన్నీ ఆలోచించారు, ధూమ్రకర్ణుడి లాంటివాడు పుడతాడని ఆలోచించలేదు.

ఆ మాంత్రికుడు ఏడేళ్ళ కిందట కందరాపురి కొలువులో చేరి, నీలి ధూపం వెయ్యడం మొదలుపెట్టాడు. దోమలు పోతాయన్నాడు. దోమలు నిజంగానే పోయాయి. తరవాత జనానికి వేళ్ళు మొద్దుబారాయి, తరవాత మనసులు. తిమ్మిరెక్కిన జనం అతని నీలిరాతి గనుల్లో ఆకలి తెలియకుండా, దెబ్బ తెలియకుండా తవ్వుతున్నారు. ఆ తిమ్మిరికి మందు లోకంలో ఒకటే ఉంది, తామ్రగిరి నిప్పునూనె. ముందు అక్కకు, ఊరికి అనుకుని కువలయుడు తన ఒంటికి ఒక్క చుక్కా రాసుకోలేదు. ఎవరి పిల్లకో ఆ నూనె తగిలి చెయ్యి పొక్కిందని ధూమ్రకర్ణుడు గోల చేసి, దాని మీద రాణి చేత ముద్ర వేయించాడు. తాత్కాలికమన్నాడు. మిగతా రాజ్యాల పెద్దలు రెండుసార్లు వాకిటి దాకా వచ్చి అడిగారు. కావలివాడు తాకి చూసి "పచ్చి" అన్నాడు. ఒప్పందం ప్రకారం అతని మాటే మాట కనక వాళ్ళు భోంచేసి వెళ్ళిపోయారు. ఆరేళ్ళు ఎండని మట్టి ఎక్కడుందని అడగాలంటే ముందు ఆశ్చర్యపోవాలి. నగరంలో ఎవరి దగ్గరా అది మిగల్లేదు.

*

కందరాపురి వాకిలి దూరం నుంచే కళ్ళు చెదరగొడుతుంది. మూడు నిలువుల ఎత్తున నల్లరాతి ద్వారబంధం, దాని మీద బంగారు రేకుల హంసలు, హంసల ముక్కుల్లో ముత్యాల సరాలు, తలుపు చెక్కల మీద ఏనుగుదంతంతో పొదిగిన పద్మాలు. గాలి వీచినప్పుడల్లా ముత్యాలు ఒకదానికొకటి తగిలి చిరుసవ్వడి చేస్తాయి. చిన్నప్పుడు ఆ సవ్వడి వింటూ కువలయుడు అక్క ఒళ్ళో నిద్రపోయేవాడు. ఇప్పుడూ వినిపించింది. ముత్యాలు తగులుకుంటున్నాయని తెలిసింది, అంతే.

పైకమ్మి నడుమ మట్టిముద్ర తడిగా నిగనిగలాడుతోంది.

కువలయుడు ఒంటికి బూడిద పూసుకుని, పై గుడ్డను కాషాయపు మట్టిలో ముంచి కట్టుకుని, బైరాగి వేషంలో గడప ముందుకు వచ్చాడు. కావలివాడు బయ్యన్న గడప లోపల ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. ముసలివాడయ్యాడు.

"ఎవురు?"

"బైరాగిని. ఉత్తరాదినుంచి వస్తున్నా."

బయ్యన్న ఎగాదిగా చూశాడు. "మీరు సిన్నదొర గదా. నా బుజాలెక్కి తిరిగినోళ్ళు, బూడిద పూసుకుంటే తెలీదా?" ముఖంలో సంతోషం లేదు, కంగారు లేదు. "సచ్చిపోయినారనుకున్యాం. సరే, రాండి లోపలికి. నూనె ఉంటే మాత్రం బయట పెట్టి రాండి. శరభం లేస్తాది."

అంత పనిపెట్టుకుని వేసిన వేషం అలా పోయింది. కువలయుడు గడప ఇవతలే నిలబడ్డాడు. "ముద్ర పరీక్ష అడుగుతున్నాను, బయ్యన్నా."

"పొద్దున్నే సూసినా. పచ్చే."

"బాటసారి అడిగితే మళ్ళీ చూడాలి."

"సూడాల్సిందే," అని బయ్యన్న లేచాడు. నిచ్చెన వేసుకుని, మెట్లు కంటితో చూసుకుంటూ ఎక్కి, ముద్ర మీద బొటనవేలు నొక్కి, "పచ్చే," అని దిగి మళ్ళీ కూర్చున్నాడు.

ధూమ్రకర్ణుడు రోజూ మంత్రనీళ్ళు చల్లి మట్టిని పచ్చిగా ఉంచుతున్నాడని కువలయుడు ఇన్నాళ్ళూ అనుకున్నాడు. అదే నిజమైతే ఇక చేసేదేమీ లేదు. పొద్దు పడమటికి వాలింది. కెంపులో ఎరుపు కందిగింజంత అయింది. అతను గడప ముందు చతికిలబడి ముద్ర వంక ఊరికే చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడొక కుమ్మరిపురుగు వచ్చింది. గోడ మూలల్లో తడిమట్టితో గూళ్ళు కట్టే పురుగది. జుంయిమని వచ్చి ముద్ర మీద వాలింది. ఆ కొసనుంచి ఈ కొసకు నడిచింది. నోటితో రెండు మూడుచోట్ల గీకింది. తరవాత అక్కడ్నుంచి లేచి, ఎద్దుల తొట్టి పక్కన బురదకు వెళ్ళి, అక్కడ ఉండ చేసుకుని ఎగిరిపోయింది.

కువలయుడు లేచి నిలబడ్డాడు. తడిమట్టి కోసం వచ్చిన పురుగు తడిమట్టిని వదిలిపెట్టి పోదు.

"బయ్యన్నా, ఇందాక తాకినప్పుడు వేలికి ఏం తగిలింది? తడా, చలవా?"

బయ్యన్న కాసేపు ఆలోచించాడు. "ఏం తగల్లేదు."

"మరి పచ్చి అని ఎలా అన్నావు?"

"ఏమీ కొత్తగా తగలకపోతే నిన్నటి మాదిరే ఉన్నట్టు గదా. నిన్న పచ్చి."

"నిన్న ఏం తగిలింది?"

"ఏం తగల్లేదు."

"మొన్న?"

"ఏంది దొరా, అదే సెప్తాంటే. ఏ పొద్దూ ఏమీ తగల్లేదు. అందుకే మారలేదని సెప్తాండా."

ఆరేళ్ళుగా రోజూ ఉదయం, తిమ్మిరెక్కిన వేలితో తాకి, నిజాయితీగా, ఒక్కరోజూ తప్పకుండా ఈ మనిషి చెప్పిన మాట ఇది. ముద్ర మీద ఉన్నది తడి కాదు, లక్కపూత మెరుపు. ధూమ్రకర్ణుడికి రోజూ మంత్రం వేసే శ్రమ కూడా లేకపోయింది. ఒకసారి లక్క పూయించి, జనం వేళ్ళు మొద్దుబారేలా చేసి, మిగతా పనంతా బయ్యన్న విశ్వాసానికి వదిలేశాడు.

"నీ చెయ్యి ఒకసారి గడప ఇవతలకు చాపు, బయ్యన్నా."

"కావలోడు గడప దాటగూడదు."

"కాళ్ళు లోపలే ఉంచు. చెయ్యి చాపకూడదని ఎవరూ అనలేదుగా."

బయ్యన్న కాళ్ళు గడప లోపలే ఉన్నాయని చూసుకుని, చెయ్యి చాపాడు. కువలయుడు కొమ్ము వంచాడు. రెండు చుక్కల్లో ఒక చుక్క జారి ముసలివాడి బొటనవేలి మీద పడింది. అక్కకు చేరవలసిన సగం అది.

ముందు ఏమీ కాలేదు. తరవాత బయ్యన్న నోరు తెరిచాడు.

"అమ్మా! సచ్చినా! ముల్లు! ఏల్లో ముల్లుంది!"

వేలి కొసలో ఎప్పటిదో తుమ్మముల్లు విరిగి, చుట్టూ చీము కట్టి ఉంది. ఎన్నాళ్ళనుంచి ఉందో అతనికే తెలియదు. ముసలివాడు ఆ వేలిని పట్టుకుని చిన్నపిల్లవాడిలా గెంతాడు, ఏడ్చాడు, ఆ ఏడుపు మధ్యలో నవ్వాడు. "నొస్తాండాది దొరా! అబ్బబ్బ, ఎంత నొస్తాండాదో!"

"ఇప్పుడు ముద్ర తాకు."

ఇద్దరూ ఒక సంగతి మరిచిపోయారు. ఆ వేలికి నూనె ఉంది. వేలు వెనక్కి గడప దాటింది.

శరభం కళ్ళు తెరిచింది. రాతి రెక్కలనుంచి దుమ్ము రాలింది. ఎనిమిది కాళ్ళ మీద లేచి, ఒళ్ళు విరుచుకుని, నిచ్చెన వైపు తిరిగింది. బయ్యన్న అప్పటికి నాలుగు మెట్లెక్కాడు.

"ఎక్కు! వెనక్కి చూడకు!" అని కువలయుడు కొమ్మును గడప బయట రాతి సందులో నిలబెట్టి లోపలికి దూకాడు. శరభం నిచ్చెన కాలును కొరికే లోపల దాని ముక్కులో ఎడమ చెయ్యి మోచేతి దాకా దూర్చాడు. రాతిముక్కు మూసుకుంది. ఎముక విరిగిన చప్పుడు వాకిలంతా వినబడింది. కువలయుడు దాన్ని చెవులతోనే విన్నాడు. కుడిచేత్తో శరభం జూలు పట్టుకుని వేలాడాడు. అది అతన్ని గోడకేసి కొట్టింది, నేలకేసి రాసింది, మళ్ళీ గోడకేసి కొట్టింది.

పైన బయ్యన్న ముద్ర మీద బొటనవేలు ఆనించాడు. ఆనించి అలాగే ఉండిపోయాడు.

"బయ్యన్నా! చెప్పు!"

"పెంకు మాదిరుంది దొరా," అన్నాడు ముసలివాడు నెమ్మదిగా. "కాల్సిన పెంకు మాదిరుంది. ఎన్నేండ్ల కిందట ఎండిందో. నా ముసిల్ది ఈ గడప లోపల్నే రాయైపోయింది. నూనె ఆ గడప బయట్నే వచ్చి వచ్చి పోయింది. రోజూ నేనే గదా పచ్చి అంటి."

"తరవాత ఏడుద్దువు గాని! ముందు మాట చెప్పు!"

బయ్యన్న గుండెలనిండా గాలి పీల్చుకుని అరిచాడు. "ఎండింది! ముద్ర ఎండిపోయింది!" అని పిడికిలితో కొట్టాడు. లక్క పగిలి, లోపలి మట్టి పొడిపొడిగా రాలి శరభం తల మీద పడింది. శరభం ఉన్నపళంగా రాయి అయిపోయింది. నోట్లోని చేతిని బయటకు లాక్కోవడానికి కువలయుడు కాలితో దాని మెడను తన్నిపట్టవలసి వచ్చింది. చెయ్యి బయటికి వచ్చింది గాని మోచేతి కింద ఎటుపడితే అటు వేలాడుతోంది. దాన్ని కాషాయగుడ్డతో మెడకు కట్టుకున్నాడు. కొమ్ము తీసుకుని, ఈసారి గడప దాటాడు. శరభం కదల్లేదు.

"బొల్లక్క అనే ఆమె వస్తుంది, గాడిదలతో. ఒక్కటి కూడా ఆగకుండా లోపలికి తోలించు."

"ఎవుడడ్డమొచ్చినా నా పీనుగు మీదనే," అన్నాడు బయ్యన్న, వేలు నోట్లో పెట్టుకుని ఏడుస్తూ.

*

కోటకు దారి అంగడివీధి మీదుగా కొండ చుట్టూ మెలికలు తిరుగుతుంది. కువలయుడు పరుగెత్తాడు. రెండు పక్కలా పట్టు తానులు, కుంకుమపువ్వు రాశులు, ఇంద్రధనుస్సు రంగుల గాజుల దొంతరలు. జనం కొంటున్నారు, అమ్ముతున్నారు. బేరం ఆడేవాడు ఒక్కడు లేడు. ఒక పెళ్ళి ఊరేగింపు ఎదురొచ్చింది. సన్నాయి మోగుతోంది, పెళ్ళికూతురు దారి పక్క గోడను చూస్తోంది. రక్తం కారుతూ పరుగెత్తుతున్న మనిషికి అందరూ మర్యాదగా దారి ఇచ్చి, మళ్ళీ ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు.

ముద్ర రాలిన సంగతి కోటలో ధూమ్రకర్ణుడికి వెంటనే తెలిసింది. కువలయుడు చంద్రకాంత మందిరం తలుపు తోసేసరికి అతను ఇత్తడి పళ్ళెంలో మట్టిముద్ద పెట్టుకుని అక్క పక్కన నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, చెవులనుంచి నీలి పొగ నూలుపోగుల్లా వస్తూ ఉంటుంది.

"రండి యువరాజా. తమరు వస్తారని మట్టి కాస్త మెత్తగానే కలిపించాను. కొత్త మినహాయింపు. ఇదీ తాత్కాలికమే."

కువలయుడు మొలలోని కత్తి దూసి ఒక్క వేటు వేశాడు. కత్తి పొగలోంచి దూసుకుపోయి స్తంభానికి తగిలి విరిగింది. ధూమ్రకర్ణుడు విసుక్కోను కూడా లేదు.

ఏలావతి వెండి ఊయల మీద కూర్చుని ఉంది. పాదాలనుంచి రొమ్ము దాకా ఒళ్ళు నీలిరాతి రంగు తిరిగింది. చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి. తమ్ముణ్ణి చూసింది. "వచ్చావా," అంది. ఎప్పుడో వస్తాడనుకున్న మనిషి వచ్చినట్టు అంతే.

"రాణిగారి వేలిని నేను లాగను," అన్నాడు ధూమ్రకర్ణుడు. "లాగితే మట్టి చీలుతుంది, నాకు తెలుసు. పళ్ళెమే వేలి కిందికి తెస్తాను. వెనక్కి తీసుకోవాలనుకుంటే తీసుకోవచ్చు. ఆరేళ్ళనాడూ ఆమె తీసుకోలేదు." పళ్ళెం ఆమె చేతి కిందికి జరిపాడు.

కువలయుడు ఊయల ముందు మోకరిల్లాడు. "అక్కా, ఒక్క చుక్క ఉంది. గుండె మీద వేస్తే నువ్వు బతుకుతావు."

"గుండెకు వేస్తే నా వేలు?"

"మొద్దుగానే ఉంటుంది."

"అప్పుడు ముద్ర పడుతుంది. వాకిలి మూసుకుంటుంది."

"అవును."

"మిగతా నూనె ఎంత దూరంలో ఉంది?"

"రేవు దాటి ఉండాలి. ఊరంతటికీ సరిపోను వస్తోంది. ఇంకా గడప దాటలేదు."

ఏలావతి మంచినీళ్ళు అడిగినట్టు అడిగింది. "అయితే వేలికి వెయ్యి, తమ్ముడూ."

నేల మీద ఒక నీటిచుక్క పడింది. ఎక్కడిదా అని చూశాడు. తన కంటినుంచే. లోపల ఏమీ లేదు, కన్ను మాత్రం తన పని తాను చేస్తోంది. అతను కొమ్ము వంచాడు. ఆఖరి చుక్క అక్క బొటనవేలి మీద పడి, అరచేతిలోకి జారింది.

ధూమ్రకర్ణుడు పళ్ళెం పైకెత్తాడు. మెత్తటి మట్టి ఆమె వేలిని తాకింది.

"చల్లగా ఉంది," అంది ఏలావతి. ఆమె గొంతులో ఆరేళ్ళకు మొదటిసారి ఏదో కదిలింది. "ఛీ, జిగటగా ఉంది." వేలు వెనక్కి తీసుకుంది. మట్టి నున్నగా, గీత పడకుండా మిగిలింది.

ధూమ్రకర్ణుడికి కోపం వస్తుందని కువలయుడు చూశాడు. రాలేదు. మాంత్రికుడు కిటికీలోంచి పొద్దు ఎంత ఉందో చూసుకుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు. "ఆగుతాను. పొద్దు వాలగానే రాణిగారు రాయి అవుతారు. రాయి వేలు వెనక్కి తీసుకోదు." చెంబులో నీళ్ళు తీసి మట్టి ఎండకుండా కొంచెం చల్లుకున్నాడు.

కెంపులో ఎరుపు ఆవగింజంత ఉంది. సూర్యుడు కొండ అంచు తాకాడు. ఏలావతి గుండె వైపు నీలం పాకుతోంది.

అప్పుడు ఎక్కడో కింద, కొండ మొదట, గాడిదల మెడగంటలు వినిపించాయి. పైకి వస్తున్నాయి. వాకిటి దగ్గరకు వచ్చాయి. ఆగిపోయాయి. ఎవరో అరిచారు, ఏమన్నారో తెలియలేదు. ధూమ్రకర్ణుడు తల తిప్పి విన్నాడు. కాసేపటికి గంటలు మళ్ళీ మోగాయి. గడప ఇవతల మోగుతున్నాయో అవతల మోగుతున్నాయో ఇంత ఎత్తునుంచి చెప్పడం కష్టం.

ఏలావతి ప్రాణమున్న ఆ ఒక్క చెయ్యీ తడుముతూ వచ్చి తమ్ముడి కాలిన అరచేతిని పట్టుకుంది. బొబ్బల మీద ఆమె బొటనవేలు మెల్లగా కదిలింది. "చేతులు ఇలా కాల్చుకున్నావేమిటిరా. నొప్పిగా ఉందా?"

"లేదక్కా."

"నాకు భయమేస్తోంది," అంది ఆమె. "భయమేస్తే ఎలా ఉంటుందో మరిచిపోయాను. నీ చెయ్యి గట్టిగానే పట్టుకున్నానా?"

కువలయుడు కిందికి చూశాడు. ఆమె వేళ్ళు తెల్లబడేంతగా బిగిసి ఉన్నాయి. కంటికి కనిపిస్తోంది.

"గట్టిగానే పట్టుకున్నావక్కా," అన్నాడు.